ఇంజను ఐడ్లింగ్ లోపాలు

కారు నిలిచి ఉండి, ఆక్సిలరేటరు పెడలుపై కాలు లేనప్పుడు ఇంజను తనంతట తాను తక్కువ వేగంతో తిరుగుతూ ఉండడాన్ని ఐడ్లింగ్ అంటారు. ఈ స్థితిలో ఇంజను నిలకడగా తిరగకుండా వణకడం, దాని వేగం పెరుగుతూ తగ్గుతూ ఉండడం, ఉన్నట్టుండి ఆగిపోవడం వంటివి ఐడ్లింగ్ లోపాలు. మెకానిక్కులు వాడుకలో దీనిని "మిస్సింగ్" అనీ, "ఐడ్లింగ్ నిలబడడం లేదు" అనీ వ్యవహరిస్తారు. జ్వరం వలె ఇది కూడా ఒక లక్షణం మాత్రమే. దీని వెనుక ఉన్న కారణాలు అనేకం. గాలి, ఇంధనం, స్పార్కు, సంపీడనం అనే నాలుగింటిలో ఏది చెడినా ఇంజను పైకి ఒకే విధంగా వణుకుతుంది. అందువలన ఊహపై ఆధారపడి విడిభాగాలను ఒకదాని తరువాత ఒకటి మార్చడం కంటే, ఒక క్రమం ప్రకారం పరీక్షించి కారణాన్ని కనుగొన్న తరువాతనే మరమ్మత్తు చేయడం మేలు. ఈ వ్యాసం ప్రధానంగా ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్ గల పెట్రోలు కార్లకు సంబంధించినది. కార్బొరేటరు, సీఎన్‌జీ, డీజిల్ ఇంజనుల విశేషాలు చివరి విభాగాలలో ఉన్నాయి.

## ఐడ్లింగ్ జరిగే విధానం

చాలా పెట్రోలు కార్లలో ఇంజను వేడెక్కిన తరువాత ఐడ్లింగ్ వేగం నిమిషానికి 600 నుండి 900 చుట్ల మధ్య ఉంటుంది. చల్లని ఇంజనును స్టార్టు చేసినప్పుడు ఇది 1200 వరకు, ఒక్కోసారి అంతకు మించి ఉండి, వేడెక్కే కొద్దీ తగ్గుతుంది. ఇది సహజమే.

ఫోర్ స్ట్రోక్ ఇంజనులో ప్రతి సిలిండరులోనూ రెండు చుట్లకు ఒకసారి ఇంధనం మండుతుంది. వేగం 800 చుట్లు అనుకుంటే ఒక్కొక్క సిలిండరులో నిమిషానికి 400 సార్లు, నాలుగు సిలిండర్లలో కలిపి 1600 సార్లు, అనగా సెకనుకు సుమారు 27 సార్లు దహనం జరుగుతుంది. వీటిలో ఒక సిలిండరు పనిచేయకపోతే సెకనుకు ఆరేడు సార్లు బలం లోపిస్తుంది. ఈ లోపమే స్టీరింగు చక్రంలో, సీటులో కుదుపుగా తెలుస్తుంది. వేగంగా తిరుగుతున్నప్పుడు ఫ్లైవీల్ జడత్వం ఈ లోటును చాలావరకు కప్పివేస్తుంది. అందువలననే ఇంజనులోని చాలా లోపాలు మొదట ఐడ్లింగ్‌లోనే బయటపడతాయి.

ఐడ్లింగ్‌లో థ్రాటిల్ దాదాపుగా మూసుకొని ఉంటుంది. పిస్టన్లు గాలిని పీల్చుకోవడానికి ప్రయత్నించడం వలన ఇన్‌టేక్ మానిఫోల్డులో పీడనం తగ్గి వాక్యూం ఏర్పడుతుంది. సముద్రమట్టం వద్ద ఆరోగ్యకరమైన ఇంజనులో ఇది సాధారణంగా 17 నుండి 22 అంగుళాల పాదరస మట్టానికి సమానం. ఎత్తు ప్రతి 1000 అడుగులకు సుమారు ఒక అంగుళం చొప్పున ఈ విలువ తగ్గుతుంది. అందువలన విశాఖపట్నంలో చూపిన దానికంటే, సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉన్న హైదరాబాదులో అదే కారు ఒకటిన్నర నుండి రెండు అంగుళాలు తక్కువ చూపవచ్చు. దానిని లోపంగా భావించరాదు.

ఐడ్లింగ్‌లో ఇంజను పీల్చే గాలి చాలా స్వల్పం. ఎక్కడైనా చిన్న చీలిక నుండి అదనపు గాలి చొరబడితే, ఆ స్వల్ప పరిమాణంలో అది పెద్ద భాగమవుతుంది. అదే చీలిక హైవేపై వెళుతున్నప్పుడు లెక్కలోకి రానంత చిన్నది.

పాత కార్లలో ఐడ్లింగ్ వేగాన్ని కార్బొరేటరుపై ఉన్న స్క్రూతో సరిచేసేవారు. తరువాత వచ్చిన ఇంజెక్షన్ కార్లలో థ్రాటిల్ పక్కగా గాలిని పంపే ఐడిల్ కంట్రోల్ వాల్వు ఈ పని చేసింది. నేటి కార్లలో ఎలక్ట్రానిక్ థ్రాటిల్‌ను ఇంజను కంప్యూటరు, అనగా ఈసీయూ, నేరుగా నియంత్రిస్తుంది.

## లక్షణాలు

వణుకు ఎప్పుడు, ఏ విధంగా వస్తున్నదో గమనించడమే నిర్ధారణలో మొదటి సగం.

* క్రమం తప్పకుండా ఒకే లయలో కుదుపు వస్తుంటే ఒకే సిలిండరు పనిచేయడం లేదని అనుమానించవచ్చు.
* క్రమం లేకుండా అప్పుడప్పుడు కుదుపు వస్తుంటే గాలి, ఇంధనాల మిశ్రమం అన్ని సిలిండర్లకూ చెడి ఉండవచ్చు.
* వేగం తనంతట తానే పెరుగుతూ తగ్గుతూ ఉంటే గాలి లీకు, మురికి పట్టిన థ్రాటిల్, ఐడిల్ కంట్రోల్ వాల్వు వీటిలో ఒకటి కారణం కావచ్చు.
* ఇంజను చల్లగా ఉన్నప్పుడే వణికితే కూలెంట్ ఉష్ణోగ్రత సెన్సారును, ఇన్‌టేక్ గాస్కెట్లను పరీక్షించాలి.
* వేడెక్కిన తరువాతనే వణికితే వేడికి చెడే ఇగ్నిషన్ కాయిల్‌ను అనుమానించాలి.
* బ్రేకు పెడలు నొక్కగానే ఐడ్లింగ్ మారి, పెడలు వద్ద బుసకొట్టే శబ్దం వస్తే బ్రేకు బూస్టరులోని పొర చినిగి ఉండవచ్చు.
* పెట్రోలు నింపిన వెంటనే స్టార్టు కావడం కష్టమై, కొంతసేపు వణికితే ట్యాంకు ఆవిర్లను ఇంజనుకు పంపే పర్జ్ వాల్వు తెరుచుకొని ఉండిపోయి ఉండవచ్చు.
* చుట్ల మీటరు ముల్లు నిలకడగా ఉండి, కారు లోపల మాత్రం వణుకు ఉంటే ఇంజనులో లోపం లేకపోవచ్చు. ఇంజను మౌంటింగులు అరిగిపోయి ఉండవచ్చు.

మూడు సిలిండర్ల ఇంజనులకు నిర్మాణరీత్యానే కొంత వణుకు ఉంటుంది. నాలుగు సిలిండర్ల ఇంజనులో ప్రతి 180 డిగ్రీలకు ఒక దహనం జరిగితే, మూడు సిలిండర్ల ఇంజనులో ప్రతి 240 డిగ్రీలకు ఒకటి జరుగుతుంది. పైగా ఇంజను రెండు కొసలూ ఊయల వలె ఊగే స్వభావం కలిగి ఉంటాయి. 796 సీసీ ఇంజను గల మారుతి 800 ఈ తరగతికి చెందినదే. అటువంటి కార్లలో కొత్తలో లేని వణుకు కొత్తగా మొదలైతేనే దానిని లోపంగా పరిగణించాలి.

## నిర్లక్ష్యం వలన నష్టాలు

మిస్సింగ్ ఉన్న సిలిండరులో మండని పెట్రోలు ఎగ్జాస్టు గొట్టంలోకి వెళుతుంది. అక్కడ ఉన్న క్యాటలిటిక్ కన్వర్టరులో అది మండి, కన్వర్టరు లోపలి తేనెపట్టు వంటి నిర్మాణాన్ని కరిగించగలదు. ఒక స్పార్కు ప్లగ్గుతో పోయే లోపం ఈ విధంగా అనేక రెట్లు ఖరీదైన భాగాన్ని పాడుచేస్తుంది. డాష్‌బోర్డుపై చెక్ ఇంజను దీపం మినుకుమినుకుమంటే కన్వర్టరుకు హాని కలిగే స్థాయిలో మిస్సింగ్ ఉన్నదని అర్థం. అప్పుడు వేగం తగ్గించి, వీలైనంత త్వరగా కారును సురక్షితమైన చోట ఆపాలి.

సిలిండరు గోడలపై చేరిన పెట్రోలు నూనె పొరను కడిగివేసి, కిందికి దిగి ఇంజనాయిల్‌ను పలుచన చేస్తుంది. ట్రాఫిక్‌లో కదులుతూ ఉండగా ఇంజను ఆగిపోతే బ్రేకు బూస్టరుకు ఒకటి రెండు సార్లకు సరిపడే వాక్యూం మాత్రమే మిగులుతుంది. ఆ తరువాత పెడలు గట్టిపడుతుంది. ఇంజను బలంతో నడిచే పవర్ స్టీరింగు కూడా బరువెక్కుతుంది. ఈ లోపం గల కారు కాలుష్య పరీక్షలో కూడా విఫలం కావచ్చు. భారత్ స్టేజ్-4, ఆ తరువాతి ప్రమాణాల పెట్రోలు కార్లకు ఐడ్లింగ్‌లో కార్బన్ మోనాక్సైడ్ 0.3 శాతానికి మించరాదు.

## కారణాలు

### స్పార్కు వ్యవస్థ

అరిగిన స్పార్కు ప్లగ్గులు అతి సాధారణమైన కారణం. ప్లగ్గు కొనల మధ్య ఖాళీ చాలా కార్లలో 0.7 నుండి 1.1 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. వాడకంలో ఇది పెరిగే కొద్దీ స్పార్కు కొరకు ఎక్కువ వోల్టేజి అవసరమై, కాయిల్‌పై భారం పడుతుంది. ప్లగ్గు గుంతలోకి వాల్వు కవరు గాస్కెట్ నుండి నూనె కారినా, ఇంజను కడిగినప్పుడు నీరు చేరినా స్పార్కు పక్కదారి పడుతుంది. మన ప్రాంతంలో ఎలుకలు బానెట్ కింద చేరి తీగలను, రబ్బరు గొట్టాలను కొరకడం కూడా తరచుగా కనిపించే కారణం.

### గాలి

పగిలిన వాక్యూం గొట్టాలు, గట్టిపడిన ఇన్‌టేక్ గాస్కెట్లు, క్రాంక్ కేసు ఆవిర్లను తిరిగి ఇంజనులోకి పంపే పీసీవీ వాల్వు తెరుచుకొని ఉండిపోవడం వలన లెక్కకు రాని గాలి లోపలికి చేరుతుంది. థ్రాటిల్ అంచుల చుట్టూ నల్లని మసి పేరుకుంటే దానికి విరుద్ధంగా గాలి చాలదు. పూర్తిగా మూసుకుపోయిన ఎయిర్ ఫిల్టరు కూడా ఇబ్బంది పెట్టగలదు. కానీ ఐడ్లింగ్‌లో గాలి అవసరం స్వల్పం కనుక దాని ప్రభావం ఎక్కువగా వేగంలోనే తెలుస్తుంది. ఎగ్జాస్టు వాయువును తిరిగి లోపలికి పంపే ఈజీఆర్ వాల్వు మూసుకోకపోతే సిలిండర్లలో మండడానికి పనికిరాని వాయువు నిండి ఇంజను ఆగిపోతుంది.

### ఇంధనం

ఇంజెక్టరు కొనపై అడ్డు పడితే ఆ సిలిండరుకు పెట్రోలు చాలదు. ఇంజెక్టరు కారితే పెట్రోలు ఎక్కువవుతుంది. ఇంధన పంపు బలహీనపడినా, ఫిల్టరు పూడుకుపోయినా లోపం ఐడ్లింగ్ కంటే బరువు లాగేటప్పుడు ఎక్కువగా బయటపడుతుంది. ఇథనాల్ కలిసిన పెట్రోలులోకి వానాకాలంలో నీరు చేరితే ఇథనాల్ నీటితో కలిసి ట్యాంకు అడుగున విడి పొరగా దిగుతుంది. ఆ పొర ఇంజనుకు చేరినప్పుడు అన్ని సిలిండర్లూ ఒకేసారి తడబడతాయి. నేరుగా సిలిండరులోకే పెట్రోలు చిమ్మే డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజనులలో ఇన్‌టేక్ వాల్వులను పెట్రోలు కడగదు. అందువలన వాటిపై గట్టి మసి పేరుకొని ఐడ్లింగ్ చెడుతుంది.

### యాంత్రిక లోపాలు

కాలిపోయిన వాల్వు, అరిగిన పిస్టన్ రింగులు, పోయిన హెడ్ గాస్కెట్, తప్పు పళ్ళపై అమర్చిన టైమింగ్ బెల్టు వలన సంపీడనం తగ్గుతుంది. ట్యాపెట్ల ఖాళీ మరీ తగ్గినా వాల్వులు పూర్తిగా మూసుకోవు. వీటికి ఎన్ని సెన్సార్లు మార్చినా ఫలితం ఉండదు.

## నిర్ధారణ క్రమం

ఖర్చు లేని పరీక్షలు ముందు, విప్పవలసినవి తరువాత అనేది ఇక్కడ పాటించవలసిన సూత్రం.

1. లోపం ఎప్పుడు మొదలైనదో గుర్తుకు తెచ్చుకోవాలి. సర్వీసింగు, బ్యాటరీ మార్పు, పెట్రోలు నింపడం, ఇంజను కడగడం వీటిలో దేని తరువాతనైనా మొదలైతే ముందు అక్కడే వెతకాలి.
2. బానెట్ ఎత్తి చూడాలి. ఊడిన గొట్టాలు, కొరికిన తీగలు, సరిగా కూర్చోని ఎయిర్ ఫిల్టరు పెట్టె మూత కంటికే కనిపిస్తాయి. సన్నని ఈల వంటి శబ్దం గాలి లీకుకు గుర్తు.
3. స్కానరుతో కోడ్లు చదవాలి. భారతదేశంలో భారత్ స్టేజ్-4 పెట్రోలు కార్లకు రెండవ దశ ఓబీడీ 2013 ఏప్రిల్ నుండి తప్పనిసరి అయినది. పీ0300 అనే కోడు క్రమం లేని మిస్సింగ్‌ను, పీ0301 నుండి పీ0304 వరకు గల కోడ్లు వరుసగా ఒకటి నుండి నాలుగవ సిలిండరులోని మిస్సింగ్‌ను సూచిస్తాయి. పీ0171 పెట్రోలు తక్కువైన మిశ్రమాన్ని, పీ0172 ఎక్కువైన మిశ్రమాన్ని తెలుపుతాయి. కోడు లోపాన్ని చూపుతుంది కానీ ఏ భాగం మార్చాలో చెప్పదు.
4. ఒకే సిలిండరు కోడు వస్తే దాని కాయిల్‌ను పక్క సిలిండరుతో మార్చి చూడాలి. పీ0302 పోయి పీ0303 వస్తే లోపం కాయిల్‌తో పాటు కదిలినట్లు, అనగా లోపం కాయిల్‌లోనే ఉన్నట్లు. కోడు కదలకపోతే ప్లగ్గును, తరువాత ఇంజెక్టరును ఇదే విధంగా పరీక్షించాలి. ఇంజను ఆపిన తరువాతనే ఈ మార్పిడి చేయాలి.
5. స్కానరు లేకపోతే ఒక్కొక్క ఇంజెక్టరు కనెక్టరును కొద్ది సెకన్లు తీసి చూడాలి. పనిచేస్తున్న సిలిండరుది తీస్తే ఇంజను మరింత వణుకుతుంది. దేనిని తీసినా మార్పు రాలేదంటే, అదే పనిచేయని సిలిండరు.
6. అన్ని సిలిండర్లకూ సంబంధించిన లోపమైతే ఫ్యూయల్ ట్రిమ్ అంకెలను గమనించాలి.
7. గాలి లీకును పొగ యంత్రంతో వెతకాలి. మానిఫోల్డులోకి పొగను పంపితే చీలిక ఉన్న చోట అది బయటికి వస్తుంది.
8. ఇవన్నీ బాగుంటే సంపీడనాన్ని కొలవాలి. సిలిండర్ల మధ్య తేడా 10 నుండి 15 శాతానికి మించరాదు. తక్కువ వచ్చిన సిలిండరులో ఒక చెంచా ఇంజనాయిల్ పోసి తిరిగి కొలిచినప్పుడు విలువ బాగా పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు లేదా హెడ్ గాస్కెట్ కారణం.

### ఫ్యూయల్ ట్రిమ్‌ను అర్థం చేసుకొనుట

పెట్రోలు పూర్తిగా మండడానికి బరువులో దానికి 14.7 రెట్ల గాలి అవసరం. ఇథనాల్ కలిసే కొద్దీ ఈ నిష్పత్తి తగ్గుతుంది. ఆక్సిజన్ సెన్సారు ఇచ్చే సమాచారాన్ని బట్టి ఈసీయూ పెట్రోలును ఎంత శాతం పెంచినదో, తగ్గించినదో తెలిపే అంకెను ఫ్యూయల్ ట్రిమ్ అంటారు. ఇది 10 శాతం లోపు అటూ ఇటూ ఉంటే సాధారణంగా ఆందోళన అవసరం లేదు.

ఉదాహరణకు, గాలి పరిమాణాన్ని నేరుగా కొలిచే సెన్సారు ఉన్న ఒక కారులో ఈ అంకె ఐడ్లింగ్‌లో +22 శాతం ఉండి, 2500 చుట్ల వద్ద +4 శాతానికి తగ్గినదనుకుందాం. ఇది గాలి లీకుకు గుర్తు, ఎందుకంటే వేగం పెరిగే కొద్దీ లీకు వాటా తగ్గిపోతుంది. దానికి బదులు ఐడ్లింగ్‌లో +5 ఉండి, బరువు లాగేటప్పుడు +20కి పెరిగితే ఇంధన పంపును, ఫిల్టరును, మురికి పట్టిన గాలి సెన్సారును అనుమానించాలి. వణుకు ఒకటే అయినా ఈ రెండు సందర్భాలలో మరమ్మత్తు వేరు. మొదటిదానికి ఒక రబ్బరు గొట్టం సరిపోవచ్చు. ఈ అంకెలను చూడకుండా పంపు మార్చినవారికి డబ్బు పోయి, వణుకు మిగులుతుంది.

గాలిని కొలవడానికి బదులు మానిఫోల్డు పీడనాన్ని కొలిచే కార్లలో లీకు వలన ట్రిమ్ అంతగా మారదు. ఐడ్లింగ్ వేగం మాత్రం ఉండవలసిన దానికంటే పెరుగుతుంది.

## సరిచేయుట

ప్లగ్గులను తయారీదారు చెప్పిన రకానివే, అన్నీ ఒకేసారి మార్చాలి. ఇంజను చల్లబడిన తరువాత చేతితో మరలు ఎక్కించి, చివరలో టార్కు రెంచితో నిర్ణీత బిగువుకు బిగించాలి. అల్యూమినియం హెడ్‌లో మరలు సులభంగా చెడిపోతాయి.

థ్రాటిల్ బాడీని దాని కొరకు తయారైన క్లీనరు, మెత్తని గుడ్డతో తుడవాలి. ఎలక్ట్రానిక్ థ్రాటిల్ రేకును తాళం ఆన్‌లో ఉండగా వేలితో నెట్టరాదు. లోపలి పళ్ళచక్రాలు విరగవచ్చు, వేలు నలగవచ్చు. శుభ్రం చేసిన తరువాత, బ్యాటరీ తీసి పెట్టిన తరువాత కూడా ఈసీయూ ఐడ్లింగ్ విలువను తిరిగి నేర్చుకోవాలి. కొన్ని కార్లలో ఇది నడుపుతుండగా తనంతట తానే జరుగుతుంది, కొన్నింటిలో స్కానరుతో చేయించాలి. ఇది తెలియక శుభ్రం చేసిన వెంటనే ఐడ్లింగ్ పెరిగినదని కొత్త థ్రాటిల్ కొన్నవారూ ఉంటారు.

గట్టిపడిన వాక్యూం గొట్టాలకు టేపు చుట్టడం తాత్కాలికమే, మార్చడమే సరైన పద్ధతి. డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజనుల వాల్వులపై మసిని అక్రోటు పెంకుల పొడిని గాలితో చిమ్మి తొలగిస్తారు.

## కార్బొరేటరు కార్లు

2014లో ఉత్పత్తి నిలిచిపోయిన అంబాసిడర్ వంటి కార్ల పాత నమూనాలలో, తొలి మారుతి 800 కార్లలో కార్బొరేటరు ఉండేది. 2000 నుండి ఉద్గార ప్రమాణాలు కఠినమయ్యే కొద్దీ కొత్త కార్లలో దాని స్థానాన్ని ఇంజెక్షన్ ఆక్రమించినది. ఈ కార్లలో ఐడిల్ జెట్‌లో చెత్త చేరడం, చోక్ పూర్తిగా తెరుచుకోకపోవడం, కాంటాక్టు పాయింట్లు కాలిపోవడం ప్రధాన కారణాలు. ముందుగా ట్యాపెట్లు, తరువాత పాయింట్ల ఖాళీ, ఆపై ఇగ్నిషన్ టైమింగ్ సరిచేసి, చివరలోనే కార్బొరేటరు స్క్రూలను ముట్టుకోవాలి. మొదటే స్క్రూ తిప్పితే అసలు లోపం మరుగున పడుతుంది.

## సీఎన్‌జీ, ఎల్పీజీ కార్లు

రెండు ఇంధనాలతో నడిచే కారులో నిర్ధారణ కొంత సులభం. గ్యాసుపై వణికి, పెట్రోలుకు మార్చగానే నిలకడగా తిరిగితే లోపం చాలావరకు గ్యాసు వ్యవస్థలో ఉంటుంది. అయితే సీఎన్‌జీ మిశ్రమాన్ని మండించడానికి పెట్రోలు కంటే ఎక్కువ స్పార్కు వోల్టేజి కావాలి. బలహీనమైన ప్లగ్గులు, కాయిల్స్ ముందుగా గ్యాసుపైనే మొరాయిస్తాయి. కనుక గ్యాసు రెగ్యులేటరును విప్పే ముందు ప్లగ్గులను చూడాలి. గ్యాసు గొట్టాల పనిని అధీకృత కేంద్రంలోనే చేయించాలి.

## డీజిల్ కార్లు

డీజిల్ ఇంజనులో స్పార్కు ఉండదు. ఇంధన ఫిల్టరులో నీరు, గొట్టాలలోకి గాలి చేరడం, అరిగిన ఇంజెక్టర్లు, మసి పట్టిన ఈజీఆర్ వాల్వు, చల్లని ఉదయాలలో పనిచేయని గ్లో ప్లగ్గులు ఇక్కడి ముఖ్య కారణాలు. స్కానరు ప్రతి సిలిండరుకు చేస్తున్న ఇంధన సవరణను చూపుతుంది. ఇంజెక్టర్ల నుండి తిరిగి వచ్చే డీజిల్‌ను సీసాలలో పట్టి పోల్చితే కారుతున్నది ఏదో తెలుస్తుంది. కామన్ రైల్ ఇంజనులలో పీడనం 1000 బార్లకు మించి ఉంటుంది. పాత డీజిల్ ఇంజనులలో వలె నడుస్తుండగా గొట్టం నట్టు వదులు చేసి చూడడం ఇక్కడ ప్రాణాంతకం. ఆ వేగంతో చిమ్మే డీజిల్ చర్మాన్ని చీల్చుకొని లోపలికి వెళుతుంది. అట్లు జరిగితే గాయం చిన్నదిగా కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

## జాగ్రత్తలు

* మూసి ఉన్న షెడ్డులో ఇంజను నడుపుతూ పరీక్షించరాదు. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన లేవు. మిస్సింగ్ ఉన్న కారు దానిని మరింత ఎక్కువగా వెలువరించవచ్చు.
* నడుస్తున్న ఇంజనులో ప్లగ్గు తీగలను, కాయిల్స్‌ను చేతితో లాగరాదు. వాటిలో వేల వోల్టుల విద్యుత్తు ఉంటుంది.
* గాలి లీకు కొరకు వేడి ఇంజనుపై కార్బొరేటరు క్లీనరు వంటి మండే ద్రవాలు చల్లడం అగ్నిప్రమాదానికి దారితీయవచ్చు.
* పరీక్ష కొరకైనా సిలిండరును ఎక్కువసేపు స్పార్కు లేకుండా నడపరాదు.
* బెల్టులు, ఫ్యాను వద్ద చీర కొంగు, కండువా, పొడవు చేతుల చొక్కాలు వేలాడకుండా చూసుకోవాలి.

## నివారణ

ప్లగ్గులు, ఎయిర్ ఫిల్టరు, ఇంధన ఫిల్టరు, ఇంజనాయిల్‌లను తయారీదారు పుస్తకంలో చెప్పిన గడువుకు మార్చాలి. ఇంజనును అధిక పీడనపు నీటితో కడిగించరాదు. చాలాకాలం కదలకుండా ఉన్న కార్లలో పెట్రోలు పాతబడుతుంది, ఎలుకలు చేరతాయి. వారానికి ఒకసారైనా బానెట్ ఎత్తి చూడడం, కొంత దూరం నడపడం మంచిది. ఏ భాగం మార్చవలసి వచ్చినా, ఏ పరీక్షలో ఏ ఫలితం వచ్చినందువలన మార్చుతున్నారో మెకానిక్కును అడిగి తెలుసుకోవడం కారు యజమాని హక్కు. ఆ ప్రశ్నకు స్పష్టమైన జవాబు లభిస్తే లోపం దాదాపుగా దొరికినట్లే.

## ఇవి కూడా చూడండి

* అంతర్దహన యంత్రం
* కార్బొరేటరు
* స్పార్కు ప్లగ్గు
* భారత్ స్టేజ్ ఉద్గార ప్రమాణాలు